నేను దాచుకున్న నెత్తురు

“నెత్తురిస్తే మనిషి ఎండిపోతడు.” నా చిన్నతనంలో మా ముప్కాల్‌లో అందరికీ తెలిసిన వైద్యశాస్త్రం ఇంతే. పసుపు మూటలు అవలీలగా బండికెత్తే నేను కూడా దాన్ని నమ్మాను.

1982లో నిజామాబాదులో మా అక్కకు కాన్పు కష్టమయింది. రక్తం కావాలన్నారు. నాకప్పుడు 22 ఏండ్లు.

“బామ్మర్దీ, నువ్విస్తవా?” అన్నాడు బావ.

నేను తల వంచుకున్నాను. బావ మరి మాట్లాడలేదు. బయటికి పోయి, డబ్బుకు నెత్తురిచ్చే మనిషినొకణ్ణి వెంటబెట్టుకు వచ్చాడు. పరీక్షలో సరిపోయింది. దవడలు పీక్కుపోయిన ఆ మనిషి నెత్తురిచ్చి వచ్చి, గోడకానుకొని, వణికే వేళ్లతో నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

అక్క బతికింది, బిడ్డా బతికాడు. కాని తిండికి లేనివాడు నెత్తురమ్ముకుంటే, గాదె నిండా గింజలున్న నేను దాచుకున్నాను!

మరుసటి ఏడు ఒక శిబిరంలో చెయ్యి చాచాను. వరికోతల్లో కొడవలి తగిలినప్పుడు ఇంతకు పదింతలు బాధపడ్డాను. తర్వాత రెడ్‌క్రాసు వాలంటీరునయ్యాను. 1859లో సోల్ఫెరినో యుద్ధభూమిలో, ఏ పక్షమని అడగకుండా క్షతగాత్రులకు ఊరివారిచేత సేవ చేయించిన హెన్రీ డ్యూనాంట్ ఆలోచనలోనుంచి పుట్టిన సంస్థ అది. మన దేశంలో 1920లో ఏర్పడింది.

నెత్తురమ్మకాన్ని ఆపాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధం. అవసరం మనిషిచేత జబ్బును దాయిస్తుంది. ఒళ్లు కోలుకోకముందే మళ్లీ సూదికి చెయ్యి చాపిస్తుంది.

ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్లు. తీసేది సాధారణంగా 350 మిల్లీలీటర్లు. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో తిరిగి వస్తుంది. ఎర్రకణాలకు కొన్ని వారాలు కావాలి. అందుకే మగవారికి మూడు నెలలు, ఆడవారికి నాలుగు నెలలు ఎడముండాలన్నారు. సేకరించిన రక్తం మామూలు సంచిలో 35 రోజులే నిలువ ఉంటుంది. తలసీమియా పిల్లలకో, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి ఎక్కించాలి. ఏడాదికొక పండుగలాగా ఇస్తే వారికి చాలదు.

ఎండాకాలం శిబిరాలు తగ్గిపోతాయి. అప్పుడే నేను ఇల్లిల్లూ తిరుగుతాను. “ఒక్కడే కొడుకు, ఒద్దు కాకా” అంటారు తల్లులు. మొదట్లో నేనెన్నిసార్లిచ్చానో చెప్పేవాణ్ణి, ఎవరూ కదలలేదు. తర్వాత ఆనాడు తల వంచుకున్న సంగతి చెప్పాను. పిల్లలు చెప్పులు తొడుక్కున్నారు.

65 ఏండ్లు దాటితే తీసుకోరు. 71వ సారితో నా కార్డు ముగిసింది. ఆనాడు పుట్టిన మేనల్లుడు ఇప్పుడు మూణ్ణెల్లకోసారి పోయి ఇచ్చి వస్తున్నాడు.

నోట్లు లెక్కపెట్టుకున్న ఆ మనిషి పేరు మాత్రం మేమెవరం అడగలేదు. అడగవలసింది.