అతుకుల బొంత



పొందిక లేని పనిని ఎవరైనా “అతుకుల బొంత” అని ఎగతాళి చేస్తారు. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పేపర్లవాళ్ళూ అదే మాట రాస్తారు. మేము ఈ హాస్టల్లో చేరిన రోజు ట్రంకుపెట్టె మీద చుట్టి తెచ్చుకున్నది అలాంటి బొంతే. అమ్మ కుట్టింది. గదిలో పిల్లలు దాన్ని చూసి నవ్వారు. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు దాన్ని అక్కడే వదిలేసి వచ్చాం. అమ్మ ఏమీ అనలేదు. ఆ చలికాలమంతా ఒక్క దుప్పటిలో ముడుచుకుని పడుకున్నాం.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది మేమే మొదలు. పి.జి.లో చేరాక లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే జపానువాళ్ళ “సాషికో” కుట్టు బొమ్మలు కనిపించాయి. ముదురు నీలం గుడ్డ మీద తెల్ల దారంతో బియ్యపు గింజలు వరసగా పేర్చినట్టు కుట్లు. ఆ కుట్టు మాకు కొత్తగా అనిపించలేదు. మేము ఇంట్లో వదిలేసి వచ్చిన బొంత మీద ఉన్నది అదే. ఈ రెండు కుట్ల సంగతి, మొదలుపెట్టే పద్ధతి మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

బొంత ఎలా తయారవుతుంది?

పాత నూలు చీరల్లో గట్టిది అడుగున పరుస్తారు. మధ్యలో చిరిగిన చీరల ముక్కలు, పంచెల ముక్కలు సర్దుతారు. పైన కాస్త రంగు నిలిచిన చీర వేస్తారు. నాలుగు మూలలా బరువు పెట్టి, ముడతలు లేకుండా చేత్తో సవరించి, ముందు దూరం దూరంగా టాకాలు వేస్తారు. ఆ తర్వాతే అసలు కుట్టు. సూది పైకి తీయడం, కిందికి దించడం, అంతే. పొరలన్నీ ఆ కుట్టుతోనే కలిసి ఒక్కటవుతాయి. పొరల మధ్య గాలి నిలుస్తుంది కాబట్టి బొంత వెచ్చగా ఉంటుంది.

సాషికో కథ

సాషికో అంటే “చిన్న చిన్న పొడుపులు” అని అర్థం. జపాను ఉత్తరాన ఉన్న తొహోకు ప్రాంతంలో చలి ఎక్కువ, పత్తి పండదు. ఎడో కాలంలో (1603–1868) అక్కడి త్సుగరు రైతులకు నూలు బట్టలు కట్టుకోకూడదనే ఆంక్షలుండేవి. వాళ్ళు కట్టేది నారబట్ట, దాని సందుల్లోంచి చలిగాలి దూరేది. అక్కడి ఆడవాళ్ళు నూలు దారంతో ఆ సందులు నిండేలా కుట్టి, బట్టను దళసరి చేశారు. ఆ కుట్టుకు “కొగిన్” అని పేరు. ఎవరు ఏం కట్టుకోవాలో పైవాళ్ళు నిర్ణయించడం మన ఊళ్ళకూ కొత్త కాదు కదా!

ఆ కాలపు అగ్నిమాపక దళంవాళ్ళు కూడా పొరలు పొరలుగా సాషికో కుట్టిన కోట్లను నీళ్ళలో తడిపి తొడుక్కుని మంటల్లోకి వెళ్ళేవారు. అతుకు మీద అతుకు వేసిన పాత బట్టలను అక్కడ “బొరో” అంటారు. తనకా చూజబురో అనే ఆయన అలాంటి వాటిని పల్లెల్లో తిరిగి సేకరించారు. వాటిని టోక్యోలోని అసకుసాలో ఒక మ్యూజియంలో 2009 నుంచి 2019 దాకా ప్రదర్శించారు. పేదవాళ్ళు దాచుకున్న గుడ్డలను జనం టిక్కెట్టు కొనుక్కుని చూశారు!

మన దేశంలో కూడా బెంగాల్ ఆడవాళ్ళు పాత చీరల మీద ఇదే కుట్టుతో పువ్వులు, చేపలు కుడతారు. దాన్ని “కాంథా” అంటారు. కర్ణాటకలోని సండూరు లంబాడీల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరి మన చందర్లపాడు నల్లరేగడిలో పత్తి పండుతుంది, ఆ పత్తి తీసేది మన అమ్మలే. వాళ్ళు కుట్టిన బొంతను మాత్రం మనం దాచిపెడతాం.

మొదలుపెట్టే పద్ధతి

ఒక్కసారిగా బొంతకు దిగవద్దు. జాన పొడవు, జాన వెడల్పు ఉన్న రెండు నూలు గుడ్డలు చాలు. పాలిస్టర్ వద్దు, జారిపోతుంది. కొత్త గుడ్డయితే ముందు ఉతికి ఆరేయండి, లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది. దారం నందిగామ ఫ్యాన్సీ షాపుల్లో దొరికే ఎంబ్రాయిడరీ దారం సరిపోతుంది. అందులో ఆరు పోగులుంటాయి, మూడు తీసుకోండి. కన్ను పెద్దదిగా ఉన్న పొడవాటి సూది కావాలి. గీతలకు స్కేలు, పెన్సిలు.

1. దారం మూర కన్నా ఎక్కువ తీసుకోవద్దు, చిక్కుపడుతుంది.
2. నాలుగైదు కుట్లు సూది మీదికి ఎక్కించి అప్పుడు లాగండి. ఒక్కొక్క కుట్టే లాగితే వరస వంకర పోతుంది.
3. లాగిన ప్రతిసారీ బొటనవేలితో గుడ్డను సాపు చేయండి. మేము మొదట ఇది పట్టించుకోలేదు. మా గుడ్డ అప్పడంలా ముడుచుకుపోయింది.
4. పైన కనిపించే కుట్టు కాస్త పొడవు, కింద కాస్త పొట్టి. కుట్లన్నీ ఒకే కొలతలో ఉండటమే ఇందులో అందం.
5. మూల తిరిగేచోట వెనకవైపు దారం కొంచెం వదులుగా ఉంచండి.

నమూనాలు

కూడిక గుర్తు: గుడ్డ మీద సెంటీమీటరుకొక చుక్క పెట్టండి. చుక్కకు పావు సెంటీమీటరు ఇవతల సూది పైకి తీసి, పావు సెంటీమీటరు అవతల దించండి. అడ్డం వరసలన్నీ అయ్యాక నిలువు వరసలు అలాగే కుట్టండి. గుడ్డంతా కూడిక గుర్తులు వస్తాయి. మొదటి పాఠం ఇదే.

వలయాలు: దీన్ని “షిప్పో” అంటారు. రూపాయి బిళ్ళ పెట్టి, ఒకదానికొకటి ఆనుకునేలా అడ్డంగా, నిలువుగా సున్నాలు గీయండి. నాలుగు సున్నాల మధ్య మిగిలిన ఖాళీయే కేంద్రంగా అదే బిళ్ళతో మళ్ళీ సున్నా గీయండి. పూరేకుల్లా వస్తుంది. ఒక్కొక్క సున్నా విడిగా కుట్టకుండా, అలలాగా ఈ చివరి నుంచి ఆ చివరికి కుట్టుకుపోవాలి.

నారమొక్క ఆకు: “అసనోహ”. ఆ మొక్క నిటారుగా, త్వరగా ఎదుగుతుంది కాబట్టి బిడ్డ కూడా అలా ఎదగాలని పసిపిల్లల బట్టల మీద కుట్టేవారు. ఇది చెయ్యి తిరిగాక ప్రయత్నించండి.

ఇవేవీ వద్దనుకుంటే మన చుక్కల ముగ్గు ఉంది. సంక్రాంతికి వాకిట్లో అమ్మ వేసే ముగ్గును గుడ్డ మీద గీసి కుట్టండి. చుక్కల లెక్క అమ్మకు నోటికి వచ్చు.

ఒక చిన్న లెక్క

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బొంతలో అంగుళానికొక వరస అనుకుందాం. 48 వరసలు. అంగుళానికి నాలుగు కుట్లయితే ఒక వరసలో 288. మొత్తం 13,824 కుట్లు! జాన గుడ్డకే మాకు రెండు ఆదివారాలు పట్టింది. మిరప కోతలకు, పత్తితీతకు వెళ్ళి వచ్చి, వంట చేసి, ఆ పైన అమ్మ ఇన్ని కుట్లు వేసింది. మేము నవ్వులకు భయపడి వదిలేసింది ఆ కష్టాన్ని.

కుట్టుపని ఆడవాళ్ళదని అనుకోవద్దు. ఊడిన గుండీ మీరే కుట్టుకుంటున్నారు కదా, ఇదీ అంతే. అమ్మకు ఇప్పుడు చూపు ఆనడం లేదు, సూదిలో దారం మమ్మల్నే ఎక్కించమంటుంది. మీ ఇళ్ళలో కూడా అమ్మమ్మ, నాయనమ్మ ఉండే ఉంటారు. ఈ సెలవులకు వెళ్ళినప్పుడు వాళ్ళ పక్కన కూర్చుని ఒక వరస కుట్టించుకుని నేర్చుకోండి. పుస్తకాలకెక్కని విద్య వాళ్ళ చేతులతోనే పోతుంది.

మా బొంత ఇప్పుడు పి.జి. హాస్టల్లో మా మంచం మీద ఉంది. ఇదేమిటని ఎవరైనా అడిగితే, మా అమ్మ కుట్టిందని చెబుతున్నాం.