ఫ్రిజ్ తగిలింది, గోడ మూల ఊడింది: ప్లాస్టరింగ్‌కి ముందే మాట్లాడుకోవాల్సిన విషయం

ఈరోజు టాపిక్ గోడల ప్లాస్టరింగ్. బోర్ అనుకుని స్కిప్ కొట్టకండి, ఇల్లు కట్టిస్తున్న అమ్మానాన్నలు ఉంటే వాళ్లకీ చూపించండి.

మా కొత్తింట్లోకి దిగిన మూడో వారం. ఫ్రిజ్ మోసుకొస్తుంటే, హాల్లోంచి కిచెన్‌లోకి తిరిగే మూలకి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. అయినా అరచేయంత పెచ్చు ఊడి కింద పడింది. నాన్న ఒక్క మాటా అనలేదు, ఆ పెచ్చు చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయారు. ఆయన రిటైర్మెంట్ డబ్బంతా ఆ గోడల్లోనే ఉంది మరి. రెండుసార్లు ప్యాచ్ వేయించాం. రెండుసార్లూ ఊడింది.

బయటికి వచ్చిన మూలకి దెబ్బలు ఎక్కువ, పట్టు తక్కువ. పాత ప్లాస్టర్ అంచుకి కొత్త మాల్ సరిగా అతుక్కోదు. అందుకే కార్నర్ బీడ్ వాడతారు. ఎల్ ఆకారంలో ఉండే సన్నని పట్టీ అది, రెండు రెక్కల నిండా రంధ్రాలు ఉంటాయి. పీవీసీలో దొరుకుతుంది, జింక్ పూత వేసిన స్టీల్‌లో కూడా. మాల్ ఆ రంధ్రాల్లోకి దూరి పట్టేస్తుంది.

అసలు పాయింట్ ఇదీ: బీడ్ ప్లాస్టరింగ్‌కి ముందే పెట్టాలి. మూల పొడవునా అక్కడక్కడా మాల్ ముద్దలు పెట్టి, వాటిలోకి బీడ్‌ని నొక్కి, తూకం గుండుతో నిటారుగా ఉందో లేదో చూసి, గట్టిపడనివ్వాలి. ఇటుకకి పూర్తిగా ఆనించేస్తే ప్లాస్టర్ కింద మునిగిపోతుంది. లోపలి గోడకి ప్లాస్టర్ మామూలుగా 12 మిల్లీమీటర్లు వేస్తారు కదా, బీడ్ ముక్కు సరిగ్గా అంత ముందుకి ఉండాలి. అప్పుడు మేస్త్రీ అల్యూమినియం పట్టీని దాని మీద ఆనించి లాగితే, మూల దగ్గర లెవెల్ దానంతట అదే వస్తుంది.

ఇక మిగతా గోడ. ముందు తడపాలి, లేకపోతే పొడి ఇటుక మాల్‌లోని నీళ్లు తాగేస్తుంది. కాంక్రీట్ పిల్లరూ ఇటుక గోడా కలిసే చోట చికెన్ మెష్ కొట్టించండి, పగుళ్లు ఎక్కువగా వచ్చేది అక్కడే. సిమెంట్ ఒక పాలుకి ఇసుక నాలుగు నుంచి ఆరు పాళ్లు. నీళ్లు పోసి కలిపాక అరగంటలో వాడేయాలి. టీకి వెళ్లొచ్చి, గట్టిపడిన మాల్‌లో మళ్లీ నీళ్లు పోస్తుంటే మాత్రం మొహమాటపడకుండా ఆపండి. అది సిస్టమ్ రీస్టార్ట్ చేసినట్టు కాదు, ఆ బలం తిరిగి రాదు. తడి తొందరగా ఆరాలని పైన పొడి సిమెంట్ చల్లడం కూడా వద్దు, తర్వాత సన్న పగుళ్లు వస్తాయి. కనీసం ఏడు రోజులు నీళ్లు కొట్టాలి. ఆరాక వేలితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే అక్కడ గోడకి పట్టలేదన్నమాట. పెయింట్ వేయకముందే చెప్పాలి.

మా మూల సంగతా? మూడోసారి కింద నుంచి పైదాకా ఇటుక కనిపించేలా చెక్కించి, బీడ్ పెట్టి, కొత్తగా వేయించాం. ముందే పెట్టించి ఉంటే ఒక పట్టీ ఖర్చుతో పోయేది. ఇప్పుడు కూలీ, పెయింట్, ఇల్లంతా దుమ్ము. అమ్మ తిట్లు ఎక్స్‌ట్రా.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో జిప్సం ప్లాస్టర్ గురించి మాట్లాడుకుందాం. బాత్రూమ్‌లో మాత్రం అది వేయించకండి, ఎందుకో అప్పుడు చెప్తా. బై.