రాత్రి కాపలాలో కళ్లు తెరిచే ఉన్నా మనసు ఎందుకు జారుతుంది?

సైనిక శిబిరంలో రాత్రి కాపలా కాసేవారికి అసలు కష్టం, గంటల తరబడి ఏమీ జరగకపోవడమే. ఆ విసుగును సోమరితనం అనడం అన్యాయం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రాడార్ తెరల ముందు కూర్చున్నవారు తెరపై కనిపించిన గుర్తులనే కొన్నిసార్లు గమనించలేకపోయేవారు. కారణం తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. గడియారంలాంటి పలకపై ముల్లు అంచెలంచెలుగా కదులుతుంది, అరుదుగా మాత్రం రెట్టింపు దూరం గెంతుతుంది. ఆ గెంతును 2 గంటలపాటు కనిపెట్టాలి. 1948లో అచ్చయిన ఫలితాల ప్రకారం, మొదటి అరగంట దాటేసరికే గుర్తించడం తగ్గింది.

క్రమశిక్షణ ఉంటే చాలదా అని మీరు అడగొచ్చు. ఆ ప్రయోగంలో తడబడినవారిలో వాయుసేన శిక్షణార్థులూ ఉన్నారు! పైగా రాత్రివేళ మన ఒంట్లోని జీవగడియారం నిద్రవైపు లాగుతుంది. తెల్లవారుజామున శరీర ఉష్ణోగ్రత తగ్గి, మెదడు మందగిస్తుంది. టీ తాగితే ఆ మత్తు పోదా? టీలోని కెఫీన్ నిద్రమత్తును కాసేపు ఆపుతుంది కానీ నిద్ర లోటును తీర్చదు. మాక్‌వర్త్ అరగంట పనికి అరగంట విశ్రాంతి ఇచ్చి చూస్తే చురుకుదనం నిలిచింది. అందుకే కాపలాదారును తిట్టడం కంటే వంతులు తరచుగా మార్చడమే సరైన పద్ధతి.