గంజి కవచం

పిండిని నీళ్లలో పచ్చిగా కలిపితే ఒక రకం ద్రవం, అదే పిండిని ఉడికిస్తే ఇంకో రకం. మొదటిది కొడితే బిగుసుకుంటుంది, రెండోది నొక్కితే పలచబడుతుంది. షోలాపూర్ భవాని పేట్‌లో తరాలుగా నేతపనికి ఆసరా రెండోది. తూటాను ఆపే గుడ్డ ఒకటి తయారైంది మొదటిదాని బంధువుతో. ఆ గుడ్డను ఎలా చేశారో చదివితే మాత్రం సైజింగ్ పని, అంటే పడుగుకు గంజి పట్టించే పని, తెలిసినవాళ్లకు నవ్వొస్తుంది. తొట్టిలో ముంచడం, రోలర్ల మధ్య పిండడం, వేడికి ఆరబెట్టడం. అంతే!

షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1877లో మొదలైంది. మగ్గాలూ మిల్లులూ పెరిగినకొద్దీ తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలు ఇక్కడికి చేరుతూ వచ్చాయి. చేమగ్గాల కాలంలో పడుగును బారుగా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవారు. ఒంటి పోగు నూలుకు నూగు ఉంటుంది. మగ్గం మీద ప్రతి పోగూ అచ్చు పళ్ల మధ్య వేలసార్లు రాచుకుంటుంది. గంజి ఆ నూగును అణచి, పోగు చుట్టూ సన్నని పొరగా ఆరుతుంది. అది లేకపోతే పడుగు తెగుతూనే ఉంటుంది. సాంచాలు (మరమగ్గాలు) వచ్చి వేగం పెరిగాక ఈ అవసరం ఇంకా పెరిగింది, పని సైజింగ్ యంత్రం చేతికి వెళ్లింది. బియ్యప్పిండి, మక్కపిండి, చింతగింజల పిండి ఇలా ఏది అందితే అది ఉడికించేవారు. పోగు పెళుసెక్కకుండా కాస్త నూనె కలిపేవారు.

ఉడికించడంలోనే అసలు కిటుకు ఉంది. మక్కజొన్న పిండిరేణువులు 60-70 డిగ్రీల వేడి దాటాక నీరు పీల్చి ఉబ్బి పగులుతాయి. లోపలి పొడవాటి అణువులు బయటపడి ఒకదానికొకటి చిక్కుపడతాయి. కదలకుండా ఉంటే ఆ గంజి చిక్కగా ఉంటుంది. రోలరు నొక్కేచోట అణువులు ప్రవాహం వెంట సర్దుకుని దారిస్తాయి, గంజి పలచబడి పోగులోకి దిగుతుంది. ఒత్తిడి దాటగానే మళ్లీ చిక్కబడి కారకుండా పోగును పట్టుకుంటుంది.

ఇప్పుడు పచ్చి పిండి సంగతి. పిండి బరువు నీళ్ల బరువుకన్నా కొంచెం ఎక్కువ ఉండేలా కార్న్‌ఫ్లోర్ కలపండి. వేలు మెల్లగా దింపితే మునుగుతుంది. పిడికిలితో గుద్దితే లోపలికి పోదు. ఇక్కడ రేణువులు పగలలేదు. ఐదు నుంచి ఇరవై మైక్రాన్ల గట్టి గింజలుగానే ఉన్నాయి, మధ్యలో సన్నటి నీటిపొర. షోలాపూర్ మార్కండేయ రథోత్సవం నాటి జనంలాంటిదే ఈ పరిస్థితి: మెల్లగా నడిస్తే పక్కవాళ్లు ఒదిగి దారిస్తారు, వెనకనుంచి ఒక్కసారిగా తోస్తే భుజాలు భుజాలు బిగుసుకుని ఎవరూ కదలలేరు.

ఈ బిగువుకు కారణం పట్టుకోవడానికి నూరేళ్లకు పైగా పట్టింది. తడి ఇసుక మీద అడుగు వేస్తే పాదం చుట్టూ ఎందుకు ఆరినట్టు కనిపిస్తుందని 1885లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అడిగాడు. కిక్కిరిసిన గింజలు కదలాలంటే ముందు కొంచెం ఎడం కావాలి, ఆ ఖాళీలోకి నీరు దిగిపోతుందన్నది ఆయన జవాబు. 1972లో మోన్‌శాంటో సంస్థలో పనిచేసే రిచర్డ్ హాఫ్‌మన్ ప్లాస్టిక్ రేణువుల ద్రవాల మీద కాంతి పంపి చూశాడు. పొరలు పొరలుగా జారే రేణువులు ఒక వేగం దాటగానే చెదిరిపోతున్నాయని తేల్చాడు. ఆ తర్వాత, రేణువుల మధ్య ద్రవం పిండుకుపోయి అవి గుంపులు కడతాయన్న వివరణ చాలాకాలం చెల్లింది. 2013లో న్యూయార్క్ సిటీ కాలేజీలో సెటో, మారి, మోరిస్, డెన్ కంప్యూటర్ లెక్కలతో వేరే మాట చెప్పారు: ఒత్తిడి ఒక హద్దు దాటాక మధ్యపొర ఓడిపోతుంది, గింజ గింజను నేరుగా తాకి రాపిడి మొదలవుతుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. రాపిడిని నేతగాడికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు కదా.

కవచానికి పిండి ఎందుకు పనికిరాదు? నీరు ఆరిపోతుంది, పిండి అడుక్కి దిగి పులుస్తుంది. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు నార్మన్ వాగ్నర్, సైన్య పరిశోధనశాలకు చెందిన ఎరిక్ వెట్జెల్ బృందం పిండి బదులు సిలికా, నీటి బదులు ఇథిలీన్ గ్లైకాల్ తీసుకున్నారు. అలాంటి సిలికా గుండ్లను చేసే పద్ధతి 1968 నుంచే ఉంది. స్టోబర్, ఫింక్, బోన్ అనే ముగ్గురు ఆల్కహాల్, నీరు, అమ్మోనియాల్లో ఒక సిలికాన్ సమ్మేళనాన్ని విడగొట్టి సరిసమానమైన గుండ్లు రాబట్టారు. అమ్మోనియా మోతాదు మారిస్తే గుండు సైజు మారుతుంది. వాగ్నర్ బృందం వాడిన గుండ్లు సుమారు 450 నానోమీటర్లవి, అంటే పిండిరేణువుకన్నా ఎన్నో రెట్లు చిన్నవి. ద్రవం ఘనపరిమాణంలో సగానికి పైగా ఇవే. గ్లైకాల్ తేలిగ్గా ఆరదు, చిన్న గుండ్లు అంత త్వరగా అడుక్కి చేరవు.

ఇంత చిక్కటి ద్రవం గుడ్డలోకి దిగదు. అందుకే ఆల్కహాల్‌తో పలచన చేసి కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నార గుడ్డను ముంచారు, రోలరుతో పిండారు, 80 డిగ్రీల ఓవెన్‌లో ఆల్కహాల్‌ను ఎగరగొట్టారు. 2003లో అచ్చయిన ఫలితం పత్రికలు చాటినంత అద్భుతం కాదు. సమాన బరువున్న మామూలు కెవ్లార్ ఎంత ఆపుతుందో ఇదీ కనీసం అంత ఆపింది, కానీ తక్కువ పొరలతో. అందుకని పలచగా, వంగేలా ఉంది.

ఆపింది ద్రవం బిగువా, పోగుల పట్టా అనే వాదన తర్వాత నడిచింది. సూదిమొన ఆయుధం పోగుల్ని కోయదు, పక్కకు నెట్టి మధ్యనుంచి దూరుతుంది. సిలికా పూసిన గుడ్డలో పడుగూ పేకా ఒకదానిమీద ఒకటి జారవు, ఒక పోగును లాగితే చుట్టుపక్కలవన్నీ ఎదురు తిరుగుతాయి. కాబట్టి రాపిడి వాటా గట్టిదేనని చాలామంది ఒప్పుకుంటారు. పడుగుకు గంజి పట్టించేది రాపిడి దెబ్బ తగలకుండా, కెవ్లార్‌కు సిలికా పట్టించేది రాపిడి పెంచడానికి.

కడగడంలో మాత్రం రెండింటికీ పొత్తు కుదరదు. నేత అయ్యాక గుడ్డలోని గంజిని ఉడికించో, ఎంజైములు వేసో తీసేస్తారు. గ్లైకాల్ గాలిలోని తేమనూ పీలుస్తుంది, నీళ్లలో కొట్టుకుపోతుంది. అందుకే ఈ కవచపు పొరల్ని నీరు చొరని సంచిలో అంచులు అతికించి మూసి ఉంచాలి.