అరవై నిండితే వికలాంగుల పింఛను పోతుందా?

మా వీధి చివర ఒక పెదనాన్న ఉన్నాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. కర్ర పట్టుకుని నడుస్తాడు. సైకిళ్ళకు పంక్చర్లు వేస్తాడు. ఆయనకు నెల నెలా వికలాంగుల పింఛను 6000 రూపాయలు వస్తుంది.

ఈ మధ్య ఆయనకు 60 ఏళ్ళు నిండాయి. ఆ వారంలోనే ఊళ్ళో ఒకాయన వచ్చాడు. "ఇప్పుడు నువ్వు వృద్ధుల లెక్కలోకి వస్తావు. వృద్ధాప్య పింఛనుకు మార్పించుకో. లేకపోతే రెండూ పోతాయి. ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అన్నాడు.

పెదనాన్నకు గుండెల్లో దడ పుట్టింది. కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఏరా అబ్బాయ్, ఇది నిజమేనా?"

"ముందు నువ్వే చదువు పెదనాన్నా. రాత్రి బడిలో నేర్చుకున్నావు గదా!"

కూడబలుక్కుని చదివాడు. "నా... వికలాంగుల... పింఛను... రద్దు చేసి..." అక్కడ ఆగిపోయాడు. "రద్దు అంటే తీసెయ్యడమే గదరా!"

అవును, తీసెయ్యడమే. తన పింఛను తీసెయ్యమని తానే అడుగుతున్నట్టు అందులో రాసి ఉంది.

అసలు సంగతి ఏమిటో చూద్దాం.

ఒక మనిషికి ఒకే పింఛను. రెండు పింఛన్లు కలిపి ఇవ్వరు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్ళు నిండాలి. గిరిజనులకైతే 50 చాలు. వికలాంగుల పింఛనుకు వయసుతో పని లేదు. వైకల్యం 40 శాతం గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. 60 నిండినంత మాత్రాన కాలు బాగుపడదు గదా! అందుకే పింఛను కూడా పోదు. ఎప్పటిలాగే వస్తుంది. అందుకోసం ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యక్కర్లేదు.

మరి మార్చుకుంటే ఏమవుతుంది? పెదనాన్న చేతే లెక్క వేయించాను. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు 4000, వికలాంగులకు 6000 ఇస్తున్నారు. తేడా 2000. ఏడాదికి 12 నెలలు. అంటే 24,000 రూపాయలు. పలక మీద ఆ అంకె చూసి పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు.

ఈ తేడా ఎప్పుడూ ఇంతే లేదు. 2019లో వికలాంగులకు 3000, వృద్ధులకు 2250 ఉండేది. తర్వాత వృద్ధుల పింఛను కొంచెం కొంచెంగా పెరిగింది. 2024 జనవరికి అదీ 3000 అయింది. ఆ ఆరు నెలలూ రెండూ సమానం. "ఏదైతేనేం, రెండూ ఒకటే" అనే మాట అప్పటిది. జూలైలో ఒకటి 4000, ఇంకొకటి 6000 అయ్యాయి. మాట మాత్రం పాతదే తిరుగుతోంది.

తెలంగాణలోనూ తేడా ఉంది. అక్కడ 2019లో వృద్ధులకు 2016 రూపాయలు చేశారు. వికలాంగులకు 2023 జూలైలో 4016 చేశారు. వృద్ధాప్య పింఛను వయసును 57కి తగ్గించారు. 57 నిండాయి గదా అని మారితే అక్కడా నష్టమే.

ఇంకో మాట. ఈ డబ్బులో కొంత కొందరి పేరు మీద ఢిల్లీ నుంచి వస్తుంది. అక్కడి లెక్క వేరు. పేద కుటుంబంలో 80 శాతం వైకల్యం ఉన్నవారికి కేంద్రం నెలకు 300 ఇస్తుంది. 60 నిండిన పేద వృద్ధులకు 200 ఇస్తుంది. 80 ఏళ్ళు నిండాక ఎవరికైనా 500. 2011లో కేంద్రం వికలాంగుల పింఛనును 59 ఏళ్ళ వరకే ఉంచింది. 60 రాగానే వృద్ధుల పద్దులోకి మార్చేవారు. 2012 అక్టోబరులో ఆ హద్దును 79కి పెంచారు. "అరవైకి మారాలి" అనే మాటకు ఆ పాత రూలే మూలం కావచ్చునని నా అనుమానం.

అయితే భయపడాల్సిన చోటు ఒకటి ఉంది. అది వయసు కాదు, సర్టిఫికెట్. ప్రభుత్వాసుపత్రి డాక్టర్లు ఇచ్చే సదరం సర్టిఫికెట్ తీసి చూడండి. అందులో శాతం ఎంత ఉంది? 40కి తగ్గిందా? శాశ్వతం అని ఉందా, తాత్కాలికం అని ఉందా? తాత్కాలికమైతే ఏ తేదీ వరకు చెల్లుతుంది? గడువు దాటక ముందే మీసేవలో గానీ సచివాలయంలో గానీ అడిగి, మళ్ళీ పరీక్షకు రోజు రాయించుకోవాలి.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ సర్టిఫికెట్లన్నీ మళ్ళీ పరిశీలించారు. 40 కంటే తక్కువ వచ్చినవారికి నోటీసులు ఇచ్చారు. వారిలో 60 నిండినవారిని వృద్ధాప్య పింఛనులోకి మార్చాలని చెప్పారు. వయసు తక్కువ ఉన్నవారికి ఆ దారి కూడా లేదు. నోటీసు తప్పు అనిపించినవారు పల్లెల్లో ఎం.పి.డి.ఓ.కు, పట్నాల్లో మున్సిపల్ కమిషనరుకు అప్పీలు పెట్టుకున్నారు. అప్పీలు అంటే "నన్ను మళ్ళీ పరీక్ష చేయండి" అని అడగడం. నోటీసు వస్తే చూరులో దోపి ఊరుకోకండి. దాని మీద తేదీ చూడండి. అప్పీలు ఇచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోండి.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. మా పక్కింటి అవ్వ వృద్ధాప్య పింఛను తీసుకుంటుంది. షుగరు పుండై పోయిన ఏడు పాదం తీసేశారు. "ముసలిదాన్ని, నాకు వికలాంగుల పింఛను ఎవరిస్తారు?" అంటుంది. వయసు అడ్డం కాదు. ముందు సదరం పరీక్ష చేయించుకోవాలి. 40 గానీ ఎక్కువ గానీ వస్తే వికలాంగుల పింఛను అడగవచ్చు. కానీ కొత్త పింఛను వెంటనే మంజూరు కాదు. నెలలు పట్టవచ్చు. అందుకని కొత్తది మంజూరైనట్టు కాగితం చేతికి వచ్చేదాకా పాతది వద్దని ఎక్కడా రాసి ఇవ్వకూడదు. ఈ మాట అవ్వకు రెండుసార్లు చెప్పాను.

పెదనాన్న సంగతి చెప్పలేదు గదా! మర్నాడు సర్టిఫికెట్ తీసుకుని సచివాలయానికి వెళ్ళాడు. 55 శాతం, శాశ్వతం అని ఉంది. "నీకు మార్పేమీ లేదు తాతా" అన్నారు అక్కడి వాళ్ళు. ఒకటో తారీఖున 6000 వచ్చింది. వేలిముద్ర వెయ్యమన్న ఆ కాగితాన్ని మాత్రం పారెయ్యలేదు. వెనకవైపు ఖాళీగా ఉందని పంక్చర్ల లెక్కలు రాసుకుంటున్నాడు.