జాతర బాటలో ఎడ్లబండ్ల పందెములు

పందెము అన్న మాట వినగానే నేటి యువకులకు మోటారు సైకిళ్లును, వాని పొగయు, చెవులు గింగురుమను చప్పుడును స్ఫురించును. అమెరికా దేశమున తిన్నని బాటపై రెండు మోటారు బండ్లను ప్రక్కప్రక్కన నిలిపి, పావు మైలు దూరమును, అనగా సుమారు 402 మీటర్లను, ఏది ముందుగా దాటునో చూచుట ఒక గొప్ప వేడుక. దానిని డ్రాగ్ రేసింగ్ అందురు. ఆ పందెములను ఒక కట్టుబాటులోనికి తెచ్చుటకై 1951లో అచ్చట ఒక జాతీయ సంఘమే ఏర్పడినది. అయితే తిన్నని బాట, కొలిచిన దూరము, ఊపిరి బిగబట్టి చూచు జనము, ఇవి గోదావరి కిరువైపుల నున్న కరీంనగరు, ఆదిలాబాదు సీమలకు కొత్తవి కావు. మన బండ్లకు పెట్రోలు లేదు, ఉలవలు గలవు. అంతియే భేదము. ఆ ఎడ్లబండ్ల పందెములు ఎట్లు జరిగెడివి, ఏల తగ్గినవి అను విషయమును నేడు కొంత ముచ్చటింతుము.

తెలుగునాట ఎడ్ల పందెములు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది బండలాగుడు. ఇది కోస్తా జిల్లాలలోను, రాయలసీమలోను మిక్కిలి ప్రసిద్ధము. బరువైన రాతిబండను ఒక జత ఎడ్లు నిర్ణీత సమయములో ఎంత దూరము లాగగలవో అడుగుల లెక్కన కొలుతురు. అది బలపరీక్ష. ఒంగోలు జాతి ఎడ్లు దానికి పెట్టినది పేరు. రెండవది బండి పరుగు. ఇందు బరువుండదు. ఖాళీ బండి, జత ఎడ్లు, తోలువాడు, ఇంతే. ఇది వేగపరీక్ష. మన జాతరలలో ఎక్కువగా కనబడునది ఈ రెండవదియే. దీనికి మేను పెరిగిన ఎద్దు పనికిరాదు. సన్నని కాలు, బిగువైన గిట్ట, చురుకైన చూపు కావలెను. మన సీమకు పొరుగున నాందేడు ప్రాంతపు ఎర్ర కంధారి, లాతూరు, బీదరు ప్రాంతముల దేవణి, వార్ధా ప్రాంతపు గౌలావు అను జాతులు గలవు. వీనిలో గౌలావు తేలికైన శరీరమునకును, వడిగల నడకకును పేరొందినది.

ఇక బండి సంగతి. పందెపు బండిని పరీక్షించువారు మొదట చూచునది చక్రము. నల్లతుమ్మ కర్రతో చక్రమును కూర్చుట వడ్లవాని పని. దానికి ఇనుప పట్టా తొడుగుట కమ్మరి పని. ఈ పట్టాను చక్రముకన్న రవంత చిన్నదిగా చేయుదురు. పిడకల మంటలో అది ఎర్రగా కాలినప్పుడు వ్యాకోచించి చక్రముపై కూర్చుండును. వెంటనే నీరు పోయగా ముడుచుకొని, ఆకులను, పూటీలను ఒక్కటిగా బిగించును. పాఠశాలలో ఉష్ణ వ్యాకోచమని చదువుకొను సూత్రమును మన కమ్మరులు పుస్తకము లేకయే ఎరుగుదురు. ఈ బిగువు తప్పినచో పరుగులో చక్రము విడివడును. పందెమునకు ముందు బండి తట్టీలను, అదనపు పలకలను తీసివేసి బరువు తగ్గింతురు. ఇరుసుకు ఆముదముతో కలిపిన కందెన నిండుగా పూయుదురు. చీలను పది మార్లు తట్టి చూతురు. చీల ఊడినచో తోలువాని ప్రాణమునకే ముప్పు.

బండికన్నను ఎడ్ల జోడు కుదుర్చుట కష్టము. కాడికి కుడివైపు కట్టునది వలపల ఎద్దు, ఎడమవైపుది దాపల ఎద్దు. ఒకటి వడిగలదై, రెండవది మందమైనచో బండి ఒక ప్రక్కకు ఈడ్చుకొనిపోయి బాట తప్పును. అందుచేత రెండు మేలైన ఎడ్లకన్న ఒక మేలైన జోడు గొప్పదని పెద్దల మాట. పందెమునకు రెండు మాసముల ముందునుండియే ఉడికించిన ఉలవలు, పత్తిగింజలు, తెలగపిండి పెట్టుదురు. మానేటి ఇసుకలోనో, చెరువు శిఖములోనో ఉదయమున పరుగెత్తింతురు. ఇసుకలో పరుగెత్తిన కాలికి గట్టి నేల తేలిక యగును. పందెమునాడు మాత్రము మేత తగ్గింతురు. నెమరువేయు జంతువు నిండు కడుపుతో పరుగెత్తినచో ఊపిరి నిలువదు.

మేము చిన్నతనమున, 1990 ప్రాంతమున, మానేటి ఒడ్డు గ్రామమొకదానిలో ఈ పందెములను చూచెడివారము. కోతలు ముగిసి, కల్లములు ఖాళీయైన పిమ్మట, జాతర రెండవనాటి ఉదయము ఎండ ముదరకముందే పందెము. ఎండిన చెరువు శిఖములో ముగ్గుతో గీత గీసి, అవతలి కొసన జెండా పాతెడివారు. రెండేసి బండ్లు విడుచుటకు చోటు చాలనిచో ఒక్కొక్క బండినే విడిచి, చేతి గడియారముతో క్షణములు లెక్కించెడివారు. ఆ గడియారము పట్టినవాని మాట ఆనాటికి వేదవాక్యము. గెలిచిన జోడునకు వెండి కడియమో, ఇత్తడి బిందెయో బహుమానము. అసలు బహుమానము మాత్రము వేరు. మరునాటినుండి ఆ రైతు అంగడికి పోయినచో పది ఊళ్లవారు ఆగి ఆయన ఎడ్లను చూచెడివారు. వాని మెడలోని గజ్జెల చప్పుడు విని, బండి కనబడకముందే, ఫలానావారి జోడు వచ్చుచున్నదని మా అమ్మమ్మ చెప్పెడిది.

గోదావరి దాటి ఆదిలాబాదు వైపు పోయినచో ఎద్దునకు గల గౌరవము ఇంకను హెచ్చు. అచ్చట పొలాల అమావాస్య ఎడ్లకే పండుగ. ఆనాడు వాని మెడపై కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఆంజనేయుని గుడిచుట్టు త్రిప్పుదురు. పుష్యమాస అమావాస్యనాడు కేస్లాపురమున జరుగు నాగోబా జాతరకు మెస్రం వంశమునకు చెందిన గోండులు తరతరములుగా ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చి మర్రిచెట్ల నీడన విడిది చేయుదురు. అది పందెము కాదు, యాత్ర. కాని బండి లేక పండుగ లేదన్న మాట అచ్చట ఇంకను సత్యము. పెన్‌గంగకు ఆవల విదర్భలో పరుగు పందెమును శంకర్‌పట్ అందురు. అమరావతి జిల్లాలోని తళేగావ్ దశాసర్ గ్రామపు శంకర్‌పట్ మిక్కిలి ప్రసిద్ధము. తిన్నని బాట, తేలికైన చిన్న బండి, క్షణములలో లెక్క. మొదట చెప్పిన అమెరికా పందెమునకు దీనికన్న దగ్గరి చుట్టము వేరొకటి లేదు.

ఈ వేడుక ఏల సన్నగిల్లినది? మొదటి కారణము నీరు. 1963లో పండిత నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు, అనగా నేటి శ్రీరాంసాగరు, కాలువల ద్వారా కరీంనగరు పొలములకు నీరందించినది. రెండు పంటలు వచ్చినవి. పంటకు పంటకు నడుమ గడువు తగ్గగా దుక్కి త్వరగా ముగియవలసి వచ్చినది. ట్రాక్టరు వచ్చినది. ఏడాది పొడుగున జత ఎడ్లను మేపుట రైతునకు భారమైనది. నీరు వచ్చుట మేలే. దానిని కాదనువారము కాము. కాని ఒక మేలు వచ్చుచు వేరొక దానిని వెంట తీసికొనిపోయినది.

రెండవ కారణము ధర్మమునకు సంబంధించినది. దీనిని దాచి జ్ఞాపకములను మాత్రమే తీపిచేసి చెప్పుట న్యాయము కాదు. ఆ పందెములలో ములుకోల పోటును మేము కన్నులార చూచితిమి. ఒక యేడు జెండాకు ఇరువది గజముల దూరమున ఒక వలపల ఎద్దు మోకాళ్లపై కూలినది. దాని తొడ నిండ నెత్తురు. జనము క్షణకాలము నిశ్శబ్దమై, మరల తరువాతి బండిని చూచుటకు తిరిగినది. జంతుహింసను నివారించు చట్టము మన దేశమున 1960లోనే వచ్చినది. 2014 మే 7న సర్వోన్నత న్యాయస్థానము జల్లికట్టుతో పాటు ఎడ్లబండ్ల పందెములను నిషేధించుచు, ఎద్దు స్వభావతః పరుగు పందెములకు తగిన జంతువు కాదని పేర్కొన్నది. తరువాత తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రములు ప్రత్యేక శాసనములు చేసికొనగా, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనము వానిని సమర్థించినది. కావున ఈ వివాదము కేవలము పాత కొత్తల తగవు కాదు. ఎద్దును ప్రేమించుట యనగా నేమి అను ప్రశ్న.

ఈ ప్రశ్ననే మేము కొంతకాలము క్రిందట ఒక వృద్ధ రైతు నడిగితిమి. జాతర చప్పుళ్లను ధ్వనిముద్రణ చేయుటకై జగిత్యాల ప్రాంతమునకు పోయినప్పటి మాట. యౌవనమున ఆయన పేరొందిన తోలువాడు. "తాతా, ములుకోల లేక ఎద్దు పరుగెత్తునా?" అని అడుగగా ఆయన నవ్వి, "సారూ, ముల్లుతోని ఉరికేది భయం. నా ఎడ్లకు నేను కాడి మీద చెయ్యేస్తె చాలు, ఉరికేటియి. ముల్లు పట్టినోడు ఎద్దును ఎరుగనోడు" అనెను. అటుపిమ్మట కొంతసేపు ఊరకుండి, "నేను సుత ఒక్కపారి పట్టిన. గెలిచిన. ఆ కడియం ఇంట్ల పెట్టుకోలే" అనెను.

బండి చప్పుడు పట్టుకొనవలెనని మా కోరిక. కాని ఆ ఊరిలో ఇనుప పట్టా చక్రముల బండి లేదు. ఉన్న రెండు బండ్లకును రబ్బరు టైర్లు. రబ్బరు టైరు బాటపై పలుకదు. ఆయన తన చివరి జోడును కూడ అంగడిలో అమ్మివేసి చాల యేండ్లయినది. లోనికి పోయి, దూలమునకు వ్రేలాడుచున్న గజ్జెల పట్టెడను తెచ్చి, దుమ్ము దులిపి, మైక్రోఫోను ముందు పట్టుకొని నడక వేగమునకు ఒక తీరుగ, పరుగు వేగమునకు వేరొక తీరుగ మ్రోగించి చూపెను. పరుగు చప్పుడు మ్రోగించునప్పుడు ఆయన పెదవులు కదలినవి. ఎడ్ల పేర్లు పిలుచుచున్నాడని మాకు తరువాత తెలిసినది.

నేటికిని కొన్ని జాతరలలో పందెములు జరుగుచునే యున్నవి. అవి ఉండవలెనా, వలదా అన్నది చట్టమును, ప్రజలును తేల్చవలసిన విషయము. కాని చక్రమును కూర్చు వడ్లవాని నేర్పు, పట్టా తొడుగు కమ్మరి లెక్క, జోడు కుదుర్చు రైతు కన్ను, ఇవి పందెము పేరిట ఇంతకాలము నిలిచిన విద్యలు. పందెము పోయినను ఇవి పోనవసరము లేదు. మీ యింట పెద్దలెవరైన ఒకప్పుడు పగ్గము పట్టినవారై యున్నచో, ఈ సాయంకాలము రేడియో కట్టిన పిమ్మట వారి నడుగుడు. గెలిచిన కథలు వారే చెప్పుదురు. కడియము ఇంట పెట్టుకొనని కథ మాత్రము మీరు అడిగిననే వచ్చును.