దరఖాస్తు ఫారం: సులువు, వెసులుబాటు



ముప్పై నాలుగేళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని నేను చూసిన కాగితాల్లో సగం ఫారాలే. డబ్బు కట్టే స్లిప్పులో నాలుగైదు గళ్లు ఉండేవి. చదువు అంతంతమాత్రం వచ్చినవారు కూడా పక్కవారిని అడిగి నింపేవారు. ఖాతాదారుకు ఏదైనా ప్రత్యేకమైన ఇబ్బంది వస్తే అది ఏ గడిలోనూ ఇమిడేది కాదు. తెల్లకాగితం మీద అర్జీ రాయించుకునేవాళ్లం. స్లిప్పులో సులువు ఉంది, తెల్లకాగితంలో వెసులుబాటు ఉంది. రెండూ లేకపోతే బ్యాంకు నడవదు.

ఇప్పుడు స్కాలర్‌షిప్ దరఖాస్తులు కంప్యూటర్లోకి వచ్చాయి. అక్కడా ఇదే పేచీ. హోసూరులో మా వీధి అమ్మాయి ఒకతె, ఒక సంస్థవారి స్కాలర్‌షిప్‌కు చివరి రోజున దరఖాస్తు చేయబోయింది. ఆమె పేరు ముందు తండ్రిగారి పేరు పొడి అక్షరం ఒక్కటే ఉంది. తమిళనాడులో మనవాళ్లు చాలామందికి అంతే. ఆ ఫారంలో ఇంటిపేరు తప్పనిసరి. ఒక్క అక్షరం రాస్తే ఒప్పుకోదు. మార్కుల జాబితాలో లేని పేరు రాయడానికి ఆ పిల్ల భయపడింది. గడువు దాటిపోయింది. ఆ ఏడాది ఫీజుకు వాళ్ల అమ్మగారి గాజులు తాకట్టుకు వెళ్లాయి.

ఈ సంగతి బి.సి.ఎ. చదువుతున్న మా మనవరాలికి చెప్పాను. "తాతయ్యా, తప్పు కంప్యూటరుది కాదు, ఫారం కట్టినవాళ్లది" అని, తాను నేర్చుకుంటున్న జాంగోను చూపించింది. వెబ్‌సైట్లు కట్టడానికి పైథాన్ భాషలో రాసిన ఉచిత ఫ్రేమ్‌వర్క్ ఇది. 2005లో అందరికీ విడుదలైంది. ఇందులో ఫారం తయారీకి మూడు మెట్లు ఉన్నాయని నాకు అర్థమైంది.

మొదటి మెట్టు: ఏయే గళ్లు కావాలో, ఏ రకమో వరుసగా రాస్తే చాలు. పేజీలో 'ఫారం' అని ఒక్క మాట పెడితే గళ్లు, వాటి పేర్లు, తప్పు చేస్తే వచ్చే హెచ్చరికలు అన్నీ అదే వేసిపెడుతుంది. ఇది మన స్లిప్పు.

రెండో మెట్టు: ఒక్కొక్క గడినీ విడిగా తీసి కావలసిన చోట పెట్టుకోవచ్చు. 2023 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్ నుండి గడి, దాని పేరు, సూచన, హెచ్చరిక ఒక కట్టగా ఒకే మాటతో వస్తున్నాయి.

మూడో మెట్టు: గడి రూపాన్ని కూడా మనమే హెచ్.టి.ఎం.ఎల్.లో రాసుకోవడం. ఇది తెల్లకాగితం. ఏదైనా చేయవచ్చు, మరచిపోయేదీ ఎక్కువే.

ఒక్క గడి వేరుగా కావలసి వస్తే మిగతావన్నీ చేత్తో రాయనక్కర లేకపోవడమే మంచి ఏర్పాటు. అవసరమైన చోట మాత్రమే పై మెట్టు ఎక్కాలి.

అయితే సులువులో ఒక చిక్కు ఉంది. మనం చెప్పని విషయాలను ఫ్రేమ్‌వర్కే నిర్ణయిస్తుంది. జాంగోలో ఫారం గడిని ఊరికే రాస్తే అది తప్పనిసరి గడి అవుతుంది. 'తప్పనిసరి కాదు' అని మనం విడిగా చెప్పాలి. పరీక్ష పేరుకు, పుట్టిన తేదీకి ఇది మంచిదే. ఇంటిపేరుకు మాత్రం ఆ ఒక్క మాట చేర్చకపోతే మా వీధి అమ్మాయి వంటివారు బయటే ఉండిపోతారు.

మనవరాలు నమూనాగా ఒక దరఖాస్తు కట్టింది. ఖాతా సంఖ్యను అంకెల గడిగా పెట్టింది. "అమ్మా, కొన్ని ఖాతాల సంఖ్య సున్నాతో మొదలవుతుంది" అన్నాను. వేసి చూస్తే ముందున్న సున్నాలు మాయమయ్యాయి! కూడికలు, తీసివేతలు చేయని సంఖ్యను అక్షరాల గడిలోనే ఉంచాలి. ఐ.ఎఫ్.ఎస్.సి. మరో సంగతి. అందులో 11 అక్షరాలు, మొదటి నాలుగు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా. చాలామంది అక్కడ 'ఓ' అక్షరం కొడతారు. ఇక్కడ మాత్రం వెసులుబాటు ఇవ్వకూడదు. గడి అక్కడికక్కడే హెచ్చరించాలి, లేకపోతే స్కాలర్‌షిప్ సొమ్ము తిరిగిపోతుంది.

ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఫ్రేమ్‌వర్క్ చెప్పదు. నింపేవారిని ఎరిగినవారే చెప్పాలి. కంప్యూటర్ చదువుతున్న పిల్లలూ, మీరు కట్టిన ఫారాన్ని మీ అమ్మమ్మ చేత, పక్కింటివారి చేత ఒకసారి నింపించి చూడండి. వారు ఆగిన చోటే మీ పని మిగిలి ఉంటుంది. తల్లిదండ్రులకు ఒక మనవి: మార్కుల జాబితాలో, ఆధార్‌లో, పాస్‌బుక్‌లో పిల్లల పేరు ఒకేలా ఉన్నదీ లేనిదీ ఇప్పుడే సరిచూసుకోండి. చివరి రోజు దాకా ఆగకండి.

మన ట్రస్టు దరఖాస్తులో 'ఇంటిపేరు' పక్కన 'ఉంటే' అని ఒక చిన్న మాట ఉంటుంది. దాన్ని ఎవరూ తీసివేయకూడదని నా కోరిక.